గడ్డిలో దాచిన సీసా

ఇన్సులిన్‌ను పాడుచేయడంలో నాకు డాక్టరేట్ ఉంది. వెటకారంగా వినిపించినా అది నిజం. నాలుగేళ్ళ పాటు ఒక ల్యాబులో ఇన్సులిన్ ద్రావణాన్ని వేడిచేసి, ఊపి, అందులోని ప్రోటీన్ ఎప్పుడు పోగులు కడుతుందా అని కాచుకుని కూర్చున్నాను. ఇప్పుడు నూజివీడులో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. మా అన్నయ్యకు ముసునూరు దగ్గర మామిడితోట ఉంది. షుగర్ కూడా ఉంది. రెండు పూటలా ఇన్సులిన్ పొడుచుకుంటాడు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా అన్నయ్య దగ్గర ఆ సామెత చెల్లదు. డాక్టర్ రాసిన మాత్ర కూడా నాకు చూపించాకే మింగుతాడు. కోతలు మొదలైన రెండు వారాలకు, ఓ ఆదివారం చర్చి అయ్యాక అటు నుంచి అటే తోటకు వెళ్ళాను. చెప్పులు లేకుండా తిరుగుతూ కాయల పెట్టె మేకు తొక్కాడట, కుడికాలి రెండో వేలికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. జేబులోంచి మందు సీసా తీసి నా ముందు పట్టాడు.

“గాజుకి తెల్లగా ఏదో అంటుకుంది చెల్లాయ్. బానే ఉందంటావా?”

“ఆ మందే తెల్లగా ఉంటది అన్నయ్యా. ఏం కాదు,” అన్నాను.

నా చేతిలో అప్పుడు చిన్న రసం మామిడిపండు ఉంది. మోచేతి దాకా కారుతోంది. సీసాను కనీసం చేతిలోకి తీసుకోలేదు.

అన్నయ్య వాడే రకం నిజంగానే పాలలా ఉంటుంది. కదలకుండా ఉంచితే తెలుపు అడుక్కి దిగుతుంది, అరచేతుల మధ్య దొర్లిస్తే మళ్ళీ కలుస్తుంది. ల్యాబులో నేను వాడింది నీళ్ళలా తేటగా ఉండేది, చిన్న నలుసు లేచినా కనబడేది. తెల్లటి మందులో తెల్లటి నలుసును పట్టుకోవాలంటే సీసాను తిప్పి, వెలుతురులో పెట్టి, కాస్త ఓపికగా చూడాలి.

మూడు వారాలు గడిచినా అన్నయ్య షుగర్ దిగలేదు. డాక్టర్ గారు డోసు పెంచారు. అప్పుడూ దిగలేదు. “సీజన్లో పళ్ళు లాగిస్తున్నట్టున్నావే?” అని ఆయన గట్టిగానే అడిగారు. వదిన ఇంట్లో పండన్నది కనబడకుండా చేసింది. నోరు కట్టుకోలేవా అని నేనూ ఫోన్లో తిట్టాను. ఒక్కటి కూడా తినలేదమ్మా అంటాడు. మామిడి రైతు మామిడిపండు తినలేదంటే ఎవరు నమ్ముతారు? ఈలోగా వేలి మీద పుండు నల్లబడుతూ వచ్చింది.

ఆ తర్వాతి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. కోతలన్నాళ్ళూ అన్నయ్య కాపురం తోటలో పాకలోనే. అందులో ఓ మూల, ఇంటి వాడకానికి రసాలు మగ్గబెట్టి ఉన్నాయి. ఒక వరస గడ్డి, ఒక వరస కాయలు, మళ్ళీ గడ్డి. పండాయేమో చూద్దామని చెయ్యి లోపలికి పెట్టాను. మగ్గే కాయలు వేడి పుట్టిస్తాయి. జ్వరమొచ్చిన ఒంటి మీద చెయ్యి వేసినట్టుంది. వేళ్ళకు గాజు తగిలింది. బయటికి తీస్తే ఇన్సులిన్ సీసా.

“దీన్ని ఇందులో ఎందుకు పెట్టావు?”

“ఎండ తగలకూడదన్నారుగా. జేబులో ఉంటే పగిలిపోద్దని పొడుచుకోగానే ఇందులో పెడతా. గడ్డిలో అయితే భద్రం.”

కాయకు భద్రమైన చోటు మందుకూ భద్రమేననుకున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నలగకూడనిది ఏదైనా గడ్డిలోనే పెట్టిన మనిషి. సీసాను గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి, దొర్లించి, వెలుతురుకు ఎదురుగా పట్టాను. గాజు లోపలంతా తెల్లటి పొర, నలుసులు నలుసులుగా. ల్యాబులో ఇలాంటివి కనబడితే సంబరపడేదాన్ని. 

“ఇది కొత్త సీసాయేనా?”

“మొన్ననేగా తెరిచింది. పాతదాంట్లో అడుగున మిగిలింది కూడా సిరంజితో లాగి ఇందులో కలిపేశా. పారబోయడం ఎందుకని.”

“వదిన పాత ఆవకాయ తీసుకెళ్ళి కొత్త జాడీలో కలుపుతుందా?”

“కలిపితే ఇంకేమన్నా ఉందా? పాతదాంట్లో ఇంత బూజున్నా జాడీ మొత్తం పోద్ది.”

అప్పుడు పాఠం చెప్పాను. ఇన్సులిన్ అణువు తన పద్ధతిలో తాను ముడుచుకుని ఉంటేనే పనిచేస్తుంది. వేడికి ఆ ముడత సడలి, నీళ్ళంటే గిట్టని లోపలి భాగాలు బయటపడి, పక్కదానికి అతుక్కుంటాయి. చాలాసేపు బయటికేమీ కనబడదు. ఒక్క తునక తయారైందా, మిగతావి దాని వెంట వరస కట్టి పోగులైపోతాయి. పాత సీసాలో అప్పటికే ఉన్న తునకలను అన్నయ్య కొత్తదాంట్లో విత్తనాల్లా వేశాడు. పోగు కట్టిన మందు షుగర్ దించదు.

అన్నయ్య అంతా విన్నాడు.

“నేను పళ్ళు తినలేదని చెప్పానుగా,” అన్నాడు.

చాలా సిగ్గుపడ్డాను.

కొత్త సీసా కొని, వదినను ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టమన్నాను. పూటపూటకూ ఇంటికొచ్చి పొడుచుకోవడం మొదలుపెట్టాక షుగర్ దిగడం మొదలైంది. వేలు మాత్రం అప్పటికే చేయి దాటిపోయింది. విజయవాడలో తీసేశారు.

మర్నాడు ఆసుపత్రిలో వదినతో పాటు మంచం పక్కన కూర్చున్నాను. కట్టు వైపు చూడలేక కిటికీ వైపు చూస్తూ, ఎన్నాళ్ళుగానో దాచుకున్న మాట చెప్పేశాను.

“మొదటిసారి నువ్వు చూపించినప్పుడు నేను ఆ సీసా చూడనే లేదన్నయ్యా. చూడకుండానే బాగుందనేశాను.”

“తెలుసులే. పండు తింటున్నావుగా,” అన్నాడు.

తర్వాత వదిన చేతిలోని చల్లటి డబ్బాలోంచి సీసా తీసి, నా అరచేతిలో పెట్టాడు.

“ఇప్పుడు చూసి చెప్పు.”