వెనక వాకిలి పేరంటం

ఐదేళ్లుగా ఒక మాటను లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. వంట చేస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా, నలుగురిలో కూర్చుని నవ్వుతున్నా అది కదులుతూనే ఉంటుంది. ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు. అరవై ఏళ్లు దాటేవరకు వేలిముద్రే నా సంతకం. పోనీ ఎవరితోనైనా రాయిద్దామంటే ముందు వాళ్లకు చెప్పాలి. మా ఇంట్లో తెలుగు రాయగలిగింది మా కోడలు ఒక్కతే. ఆమెకు చెప్పలేను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

అక్షరాలు వచ్చి ఏడాది అవుతోంది. మరి ఈ ఏడాది ఎందుకు రాయలేదు? మీరు అడగలేదు, నేనే అడుక్కుంటున్నాను. భయం అనేస్తే సరిపోతుంది. కానీ భయం ఒక్కటే అయితే ఇంత నిద్ర పాడవుతుందా? నాకు అక్షరాలు ఎవరు నేర్పారో తర్వాత చెబుతాను. అది కూడా ఈ తప్పులో భాగమే.

మాది రాయపూర్. మా మామగారు పార్వతీపురం దగ్గర్నుంచి రైల్వే వర్క్‌షాపు పనికి ఇక్కడికి వచ్చారు. మా ఆయన అందులోనే పనిచేసి రిటైరయ్యారు, మా అబ్బాయి ఇప్పుడు అందులోనే ఉన్నాడు. కాలనీలో మాలాంటి తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. మా క్వార్టర్లకు రెండు వాకిళ్లు. ముందు వాకిలి రోడ్డు మీదికి. వెనక వాకిలి సన్నటి గల్లీలోకి. ఆ గల్లీ ఆడవాళ్లది.

కరోనా మొదటి ఏడాది దూరం పాటించమని అందరూ అందరికీ చెప్పేవాళ్లు. ఆటోకి మైకు కట్టి "దో గజ్ కీ దూరీ" అని పొద్దుటి నుంచీ అరిచేవాళ్లు. రేషన్ షాపు ముందు సున్నంతో గుండ్రాలు గీశారు. మేం ఏం చేసేవాళ్లమో తెలుసా? ఒక్కో గుండ్రంలో ఒక్కో సంచి పెట్టి, అందరం పక్కన గోడ నీడలో చేరి, భుజాలు రాసుకుంటూ కబుర్లు చెప్పుకునేవాళ్లం. దూరం పాటించినవి మా సంచులు. పోలీసు జీపు మలుపు తిరిగిందంటే ఎవరి సంచి దగ్గరికి వాళ్లం పరుగెత్తి, గడ్డం కింద వేలాడుతున్న మాస్కు పైకి లాక్కునేవాళ్లం. జీపు వెళ్లాక పడి పడి నవ్వుకునేవాళ్లం. అందరికన్నా గట్టిగా నవ్వేది నేనే.

ఇళ్ల దగ్గరా అంతే. ముందు తలుపులు గడియలు వేసి ఉండేవి. వెనక గల్లీలో మాత్రం తోడు పెరుగు, పచ్చడి గిన్నెలు, చంటిపిల్లలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్తూనే ఉండేవి. మనవాళ్లకు మనవాళ్ల నుంచి జబ్బు రాదని ఎవరూ పైకి అనలేదు. కానీ అందరం అలాగే నమ్మాం.

మా లైను మొత్తంలో నియమాన్ని నిజంగా పాటించింది ఒక్క ఇల్లు. మా ఇంటికి రెండిళ్ల అవతల. ఆవిణ్ణి సుశీల అంటాను. అది ఆమె పేరు కాదు. నాకన్నా పదేళ్లు చిన్నది, నన్ను వదినా అని పిలుస్తుంది. ఆమె భర్త వర్క్‌షాపులో వెల్డింగ్ పని చేసి చేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నారు. నాలుగడుగులు వేస్తే కూర్చోవాలి. అందుకని సుశీల ముందు గేటుకీ వెనక తలుపుకీ అడ్డంగా తాడు కట్టింది. తాడు దాటి ఎవరూ రాకూడదు. పాల ప్యాకెట్ సబ్బు నీళ్లతో కడిగేది. కూరలు ఉప్పునీళ్లలో వేసేది. ఆయన నాలుగు నెలలు వాకిలి దాటలేదు. మేం ఆమెను వెక్కిరించేవాళ్లం. తాడు ఇవతల నిలబడి నేను కబుర్లు చెబుతుంటే ఆమె జాగ్రత్తలు చెప్పేది. ఒకరోజు అంది, "వదినా, వాసన తెలీకపోతే అదేనట. వెంటనే చెప్పాలట." ఆ మాట గుర్తుపెట్టుకోండి. నాకు చెప్పింది ఆమే.

ఆ శ్రావణానికి మా కోడలు కొత్త పెళ్లికూతురు. తొలి ఏడు మంగళగౌరి నోము పుట్టింట్లో పట్టాలి. రైళ్లు లేవు. మా ఇంట్లోనే పట్టిద్దామన్నాను. మొదటి ఏడు ప్రతి మంగళవారం ఐదుగురు ముత్తైదువలకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కాటుక ఇచ్చి, నానబెట్టిన శనగలు వాయనం ఇవ్వాలి. నాతో కలిపి నలుగురు తేలారు. కొందరు ఊళ్లకు వెళ్లి అక్కడే చిక్కుకుపోయారు. ఐదో మనిషి కావాలి.

సోమవారం సుశీల తాడు దగ్గరికి వెళ్లాను. ఆమె రానంది. నేను వదల్లేదు.

"నాలుగు నెలల్నుంచి మొగుణ్ణి ఫ్రిజ్‌లో పెట్టినట్టు దాచుకున్నావు. ఒక్క బొట్టుకి కరిగిపోతాడేటి?" అన్నాను. గల్లీలో ఉన్నవాళ్లు నవ్వారు. "చుప్‌చాప్ వెనకనుంచి వచ్చెయ్. పాంచ్ మినట్. ఇంటికి వచ్చి పిలిస్తే ముత్తైదువ వాయనం కాదంటే ఎవరికి చెరుపో నాను చెప్పాలేటి?"

ఆ చివరి మాటకు ఆమె ముఖం మారింది. వస్తానంది. బెదిరించి ఒప్పించానని అప్పుడు అనిపించలేదు. గెలిచానని అనిపించింది.

మంగళవారం పొద్దున పులిహోర పోపు పెట్టాను. ఇంగువ వేశాను. వాసన రాలేదు. పాత ఇంగువేమో అనుకుని ఇంకాస్త వేశాను. మళ్లీ వేశాను. పక్క గదిలోంచి కోడలు ముక్కు మూసుకుని వచ్చింది. "అత్తా, ఇంగువ శానా ఎక్కువైపోనాది" అంది. నేను డబ్బా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. కర్పూరం బిళ్ల నలిపి చూశాను. ఏమీ లేదు. అప్పటికి రెండు రోజులుగా మా అబ్బాయికి ఒళ్లు వెచ్చగా ఉంది. వానలో తడిశాడని అనుకున్నాం.

ఆ క్షణంలో నాకు తెలుసు. ఇక్కడ నేను తప్పించుకోలేను. తెలియక చేశానని రాయడానికి చాలాసార్లు మనసులో వాక్యం కట్టుకున్నాను. అబద్ధం. తెలుసు. కర్పూరం చేతిలో పట్టుకుని, పిండి దీపాల వైపు చూసి, నానిన శనగల వైపు చూసి, నోము మధ్యలో ఆగితే కొడుకుకు కీడని భయపడి, జబ్బున్న ఇల్లని గేటుకు కాగితం అంటిస్తే కాలనీలో తలెత్తుకోలేమని లెక్కవేసి, బహుశా ఇది జలుబేనని నాకు నేనే చెప్పుకుని, చేతులు కడుక్కుని పీట వేశాను.

అందరూ ఒక్కొక్కరే వెనక నుంచి వచ్చారు. సుశీల చివర్న వచ్చింది. మాస్కు పెట్టుకునే ఉంది. గంధం రాసేటప్పుడు, కాటుక పెట్టేటప్పుడు నేనే దించమన్నాను. మా కోడలు కాళ్లకు పసుపు రాసింది. కాటుక మాత్రం నా వేలితో నేను పెట్టాను, సుశీల కళ్లలో. వెళ్లేటప్పుడు చెవి దగ్గర చెప్పాను, పేరంటం సంగతి ఎక్కడా అనొద్దని, తెలిస్తే మా వాడి ఉద్యోగానికి ఇబ్బందని. సరేనంది.

వారం తిరగకుండా ఆమె భర్తకు దగ్గు, జ్వరం. అంబులెన్సు వచ్చింది. సుశీలనూ తీసుకెళ్లారు. ఆమె తిరిగి వచ్చింది. ఆయన రాలేదు. శవాన్ని ఇంటికి తేనివ్వలేదు. నాగపూర్‌లో ఉద్యోగం చేసే కొడుకు వచ్చి, శ్మశానంలో దూరంగా నిలబడి చూశాడట. ఆసుపత్రి సిబ్బంది వచ్చి మా ఇంట్లో అడిగారు, ఎవరైనా వచ్చారా, ఎవరికైనా బాగోలేదా అని. లేదన్నాను. కాగితం ఇచ్చారు. వేలిముద్ర వేశాను. సుశీలను ఆసుపత్రిలో అడిగితే కూరల బండి దగ్గరికి తప్ప ఎక్కడికీ వెళ్లలేదని చెప్పిందట. నాకిచ్చిన మాట నిలబెట్టుకుంది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె మా వెనక వాకిట్లోకి వచ్చింది. ఖాళీ నుదురు. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"వదినా, ఒకటడుగుతాను. నిజం చెప్పు. ఆ మంగళవారం మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?"

"ఛఛ, ఎవరికేటి? అందరం ఠీక్‌గానే ఉన్నాం గదే."

"బాబుకి జొరమని ఎవరో అన్నారు."

"వానలో తడిశాడు. ఒక్క పూట. డ్యూటీకి కూడా పోనాడు."

"నీకు?"

"నాకేటి? గుండులాగున్నాను."

ఆమె గోడకు ఆనుకుంది. తర్వాత తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అంది: "అయితే నేనే. ఆ బండి దగ్గర కొత్తిమీర తాజాగా ఉందో లేదో అని మాస్కు దించి వాసన చూశాను వదినా. ఒక్కసారే."

నేనేమన్నానో చెప్పనా? "ఊరుకోవే, రాసిపెట్టింది జరుగుద్ది" అన్నాను. భుజం మీద చెయ్యి కూడా వేశాను.

ఆమె రెండుసార్లు అడిగింది. ఇంట్లో ఎవరికైనా అని ఒకసారి. నీకు అని ఇంకోసారి. ఆ రెండో ప్రశ్నకు ముందు కొంచెం ఆగింది. ఆ ఆగడంలో నేను నోరు తెరవొచ్చు. అంత చోటు నాకిచ్చింది. ఎందుకు తెరవలేదు? ఇప్పటికీ వంటింట్లో నిలబడి ఆ చోట్లో జవాబు మార్చి మార్చి చెప్పుకుంటాను. ఎవరికి?

కొత్తిమీర సంగతి ఆమె కొడుకుకు చెప్పింది. తన తప్పు దాచుకోవడం తెలియని మనిషి. అతను అన్నాడట, "నాన్నని నాలుగు నెలలు కాపాడి చివరికి ఒక కొత్తిమీర కట్ట కోసం చంపేశావమ్మా." ఆ తర్వాత రాలేదు. తల్లి ఫోన్ చేస్తే ఎత్తడు. పండుగలకు అతని భార్య ఫోన్ చేసి క్షేమం అడుగుతుంది. ఐదేళ్లు. భర్తను తనే చంపానని నమ్మి ఒక మనిషి నాకు రెండిళ్ల అవతల బతుకుతోంది. కొడుకు కూడా అదే నమ్ముతున్నాడు. వాళ్లిద్దరి మధ్య ఉన్నది నా అబద్ధం.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. నోము రెండో ఏడు పదిమంది ముత్తైదువలు కావాలి. కోడలూ నేనూ పళ్లెం పట్టుకుని గల్లీలో ఇల్లిల్లూ పిలిచాం. సుశీల తలుపు తెరిచే ఉంది. ఆమె తలుపు దాటి పక్కింటికి వెళ్లాం. ఇప్పుడు ఆ పేరంటానికి ఆమె పనికిరాదు. నా మంగళవారమే ఆమెను పనికిరాకుండా చేసిందేమో. ఇది మా కోడలికి ఎలా చెప్పను? తన భర్త చల్లగా ఉండాలని ఆ పిల్ల కళ్లు మూసుకుని మొక్కిన నోము అది.

నిజానికి జబ్బు ఎలా వచ్చిందో ఎవరూ చెప్పలేరు. బండి దగ్గరే అంటుకుందేమో. ఈ మాటను ఐదేళ్లు దుప్పటిలా కప్పుకున్నాను. కాళ్లు కప్పితే తల బయటికి వస్తుంది. అంటించానో లేదో నాకు తెలియదు. కానీ ఆమె అడిగినప్పుడు నాకు తెలిసింది చెప్పలేదు. అది తెలుసు.

ఇక అక్షరాల సంగతి. ఇక్కడ బడుల్లో తెలుగు లేదు. ఒంటరిగా ఉండలేక సుశీల మధ్యాహ్నాలు కాలనీ పిల్లలకు తెలుగు నేర్పడం మొదలుపెట్టింది. పోయిన ఏడాది మా మనవరాలిని తీసుకెళ్లి కూర్చునేదాన్ని. "ఊరికే కూర్చుంటావెందుకు వదినా, నువ్వూ పలక పట్టు" అంది. పట్టాను. నా చెయ్యి పట్టుకుని దిద్దించింది. నేను ఆమె కళ్లలో కాటుక పెట్టిన వేలు అదే. ఎందుకు వెళ్లేదాన్ని? ఆమె బాగానే ఉందని చూసుకోవడానికా? ఎప్పుడో ఒకసారి మళ్లీ అడుగుతుందనా? ఆమె మళ్లీ అడగలేదు. నా మాట నమ్మింది కదా, ఎందుకు అడుగుతుంది?

ఇంతవరకు నిన్న మధ్యాహ్నానికి రాశాను. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడల్లా కూర్చుంటే పది రోజులు పట్టింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే రాయగలిగాను. చివరి వాక్యం దగ్గర ఊపిరి ఆడింది. చాలా ఏళ్ల తర్వాత నిండుగా ఆడింది. క్షమించమని ఎవరినీ అడగలేదు, అయినా ఆడింది. పేరు రాయకుండా కవరు అంటించి పత్రికకు పంపి ఊరుకుందామనుకున్నాను. కానీ కూర్చోలేకపోయాను. ముఖం తెలియని మీకు చెప్పగలిగినదాన్ని రెండిళ్ల అవతల చెప్పలేనా?

ఈరోజు పొద్దున వెళ్లాను. సుశీల అన్నం వారుస్తోంది. నిలబడే చెప్పాను. "ఆ మంగళవారం మా వాడికి జ్వరం. నాకు వాసన తెలియలేదు. నువ్వు రాకముందే తెలుసు. నువ్వడిగితే లేదన్నాను."

ఆమె ఏడవలేదు. నన్ను తిట్టలేదు. గంజి గిన్నె కింద పెట్టి, చేతులు తుడుచుకుంది. తర్వాత, "నీ ఫోను తియ్యి" అంది. "నాదైతే వాడు ఎత్తడు."

నంబరు ఒక్కొక్క అంకె చెప్పింది. నేను ఒక్కొక్కటి నొక్కాను. సాయంత్రానికి ఇది మా ఇంట్లో తెలుస్తుంది. రేపటికి కాలనీ అంతా తెలుస్తుంది. నొక్కుతున్నప్పుడు అదీ తెలుసు. సుశీల నా వైపు చూడలేదు.

"వాడికి చెప్పు" అంది.

అవతల ఫోను ఎత్తారు. "హలో, కౌన్?"

నేను నా పేరు చెప్పాను.