బెల్లం పానా

నాకు పానాల పిచ్చి ఉండేది. పిచ్చి అన్నది నా భార్య మాట. నేను మాత్రం దాన్ని శ్రద్ధ అనుకునేవాణ్ని. జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన మా లారీ రిపేరు షాపు. నిజానికి షాపు మా ఉస్తాద్‌ది. యాభైల చివర్లో రాయికోడ్ పక్క పల్లె నుంచి వచ్చి ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. నేర్చుకున్నాక వేరే షాపు పెట్టుకోవాలి కదా, పెట్టుకోలేదు. పెళ్లయినా, పిల్లలు పుట్టినా ఆయన పక్కనే ఉండిపోయాను.

నట్లు బిగించడానికి, విప్పడానికి వాడేదాన్ని మేం పానా అంటాం. మామూలు పానాతో పని అంటే నట్టుకు పట్టించి గుంజాలి, తీయాలి, మణికట్టు తిప్పి మళ్లీ పెట్టాలి, మళ్లీ గుంజాలి. నేను పోగుచేసేవి అలాంటివి కావు. వాటికీ నోరు తెరిచే ఉంటుంది గానీ, ఒక దవడలో స్ప్రింగు మీద కదిలే చిన్న ముక్క ఉంటుంది. ముందుకు గుంజితే నట్టును గట్టిగా పట్టుకుంటుంది. వెనక్కి తెస్తే టిక్కుమని జారి మళ్లీ పట్టుకుంటుంది. పానాను తీసి పెట్టే పనే లేదు. బిగించేటప్పుడు ఒక వైపు పైకి ఉండాలి, విప్పేటప్పుడు రెండో వైపు. అంతే సంగతి.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వదిలించుకున్న సామానులో ఇలాంటివి బొంబాయి పాత బజార్లకు చేరేవి. నేను లారీ డ్రైవర్లకు చెప్పి పెట్టేవాణ్ని. ఒకటి వంకర మెడది, ఒకటి నా చూపుడు వేలంతది, ఒకటి ఎందుకు పనికొస్తుందో ఇప్పటికీ నాకు తెలియదు. అలా పదకొండు జమ చేశాను. రేకు పెట్టెలో గుడ్డ పరిచి వాటిని పడుకోబెట్టేవాణ్ని.

ఉస్తాద్‌కు అవంటే చిన్నచూపు. "పానాల ఏముంటది బేటా? చేతిల ఉండాలె," అనేవాడు. పని చెడితే మాత్రం తప్పు ఎప్పుడూ పానాదే. బోల్టు విరిగితే పానా ఖరాబు. వేలు చిట్లితే పానా బద్మాష్. తన చెయ్యి తప్పు చేసిందని ఆయన ఒప్పుకోగా నేను ఎన్నడూ వినలేదు.

ఒక ఏడాది దసరా ముందు ఓ డ్రైవరు పన్నెండోది తెచ్చాడు. సన్నగా, తేలిగ్గా, చేతిలో పెట్టుకుంటే ఇక దించబుద్ధి కాలేదు. పండుగకు బొబ్బట్లు చేసుకోమని మా నాయిన ఊరి నుంచి పంపిన బెల్లం ముద్ద నా సైకిలు మీదే ఉంది. నా చూపు పానా మీద, డ్రైవరు చూపు బెల్లం మీద. ఇద్దరం నవ్వుతూనే విడిపోయాం. ఇంటికి పోయాక నవ్వు మిగల్లేదు.

"బెల్లమేది?" అంది నా భార్య.

పానా చూపించాను.

"గిది నూరి పోలెలల్ల పెట్టాల్నా?" అని అడిగింది. ఆ రోజు నుంచి దాని పేరు బెల్లం పానా.

బిగించేటప్పుడు పైకి ఉండాల్సిన వైపు గుర్తుగా, దాని మీద లారీలకు వేసే ఎర్ర రంగుతో ఒక చుక్క పెట్టుకున్నాను. నా పానాలన్నిటికీ ఆ గుర్తు ఉండేది. లేకపోతే నాకే తికమక.

ఇంత సంబరంలోనూ నా మనసు బాగా లేదు. ఆ ఎండాకాలంలో చిరాగ్‌పల్లి దగ్గర లారీ కింద జాకీ జారి ఉస్తాద్ కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ మణికట్టు తిరగడం మానేసింది. చెయ్యి ముందుకు పోతుంది, వెనక్కి వస్తుంది, పక్కకు తిరగదు. మామూలు పానా తిప్పి పెట్టలేక, నా పానాలను ముట్టనని మూడు నెలలు షాపు ముందు కుర్చీలో కూర్చున్నాడు. చివరికి, పండుగ కాగానే బీదర్‌లో ఉన్న కూతురింటికి వెళ్లిపోతానని చెప్పాడు. వెళితే మళ్లీ రాడని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

దసరా నాడు ఎప్పటిలాగే షాపులో పనిముట్లన్నీ కడిగి పరిచాం. ఉస్తాద్ ఎడమ చేత్తో ఊదు పొగ వేశాడు. నా భార్య కుంకుమను నూనెలో తడిపి ఒక్కోదానికి ఒక్కో బొట్టు పెట్టుకుంటూ వచ్చింది. బెల్లం పానా దగ్గర ఆగి, "ఇది మన ఇంటి బెల్లం. దీనికి ఎక్కువనే మొక్కాలె," అని నవ్వింది. అందరం నవ్వాం. ఆమె ఎక్కడెక్కడ బొట్టు పెట్టిందో నేను చూడలేదు.

పండుగ మర్నాడు పొద్దున బీదర్ బస్సు ఎదురుగా హోటల్ దగ్గర ఆగింది. కండక్టరు ఉస్తాద్ పరుపు చుట్టను పైన వేశాడు. డ్రైవరు చాయ్ తాగే లోపు చెప్పి పోదామని ఉస్తాద్ షాపులోకి వచ్చాడు.

"ఇగ షాపు నీదే బేటా. నేను పోయి మనుమలను ఆడిస్త," అన్నాడు.

నాకు దుఃఖం వస్తే అది కోపంగా బయటికి వస్తుంది. "పోదువు గని, జర గీ డీజిలు పైపు నట్టు బిగించి పో. నా చెయ్యి పడ్తలేదు," అన్నాను. నిలబడి ఉన్న లారీని చూపించాను.

"పదేండ్ల సంది పట్టిన చెయ్యి ఇయ్యాల పడ్తలేదా?" అన్నాడు. అబద్ధమని తెలిసినా చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

బెల్లం పానా ఇచ్చి, "ఎర్ర బొట్టు పైకి ఉండాలె," అన్నాను. ఆయన నట్టుకు పట్టించి గుంజాడు. పానా సర్రున జారింది. వేళ్ల కణుపులు ఇనుముకు కొట్టుకుని రక్తం వచ్చింది. ఇక పానాకు మూడిందనుకున్నాను. ఆయన తిట్టలేదు. దాన్ని మెల్లగా బానెటు అంచు మీద పెట్టాడు.

"పానాది తప్పు లేదు బేటా. చెయ్యే పోయింది."

అంత మాట ఆయన నోట వింటానని నేను అనుకోలేదు. నా పిచ్చితో పోయే మనిషిని ఇంకాస్త నొప్పించి పంపుతున్నాను కదా అని నన్ను నేనే తిట్టుకున్నాను. విసిరికొడదామని పానా తీశాను. మీద ఎర్ర బొట్టు ఉంది. తిప్పితే అటు వైపు కూడా ఉంది. గోరుతో గీకాను. ఒకటి కుంకుమ, ఊడి వచ్చింది. రెండోది నా రంగు చుక్క, ఊడలేదు.

"ఉస్తాద్! చెయ్యి మంచిగనే ఉన్నది. ఉల్టా పెట్టినవు! మా ఇంటిది రెండో దిక్కు గూడ బొట్టు పెట్టింది!" అని అరిచాను.

నమ్మలేదు. అయినా పెట్టాడు. గుంజాడు, పట్టింది. వెనక్కి తెచ్చాడు, టిక్కుమంది. మళ్లీ గుంజాడు. మణికట్టు తిరగాల్సిన అవసరమే రాలేదు. నాలుగు గుంజులకు నట్టు బిగిసింది.

"అరె బద్మాష్!" అన్నాడు పానాను చూసి. "ఇన్నొద్దులు యాడ దాసుకున్నవ్ రా నువ్వు?"

పానాను తిట్టేసరికి నా ప్రాణం లేచి వచ్చింది.

బస్సు హారన్ కొట్టింది. నేను చెవిటివాడిలా నిలబడ్డాను. ఉస్తాద్ పక్క నట్టు చూస్తున్నాడు. అది వదులుగా లేదు, అయినా విప్పాడు, మళ్లీ బిగించాడు. బస్సు ఇంకో రెండుసార్లు కొట్టి, పరుపు చుట్టను తీసుకుని బీదర్ వెళ్లిపోయింది.

మనిషి లేకుండా పరుపు ఒక్కటే వస్తే, బీదర్ బస్టాండులో ఎదురుచూసేవాళ్లు ఏమనుకుంటారు? మాకు ఆ సోయే లేదు. మర్నాడు మొదటి బస్సులో ఉస్తాద్ కూతురు ఏడ్చుకుంటూ దిగింది. లారీ కింద నుంచి తండ్రి కాళ్లు కనిపిస్తే ఇంకా గట్టిగా ఏడ్చింది. ఉస్తాద్ కంగారుగా బయటికి జరిగాడు. జరిగిందంతా నేను చెప్పాను. ఆమె తండ్రి కుడి చెయ్యి పట్టుకుని చూసింది. మూడు నెలలుగా తెల్లగా ఉన్న చెయ్యి మోచేతి దాకా గ్రీజుతో నల్లగా ఉంది. చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు. ఆమె కొత్త చీర కొంగుకు కూడా గ్రీజు అంటింది.

"నీ పరుపు మా ఇంట్లనే ఉండనియ్ అబ్బా," అంది. "పండుగకు వచ్చినప్పుడు పండుకుందువు."