నాలుగు గళ్ళలో ఒక గొర్రె

2022లో నేను కొనకనమిట్ల మండలంలోని ఒక చిన్న ఊరి ప్రాథమిక పాఠశాలలో పనిచేసేదాన్ని. పొద్దున మార్కాపురంలో బస్సెక్కి, రోడ్డు మీద దిగి, కంది చేల మధ్య కిలోమీటరున్నర నడిస్తే బడి వచ్చేది. మూడు, నాలుగు, ఐదు తరగతులు నా గదిలోనే కూర్చునేవి. ఇలా కలిపి చెప్పడాన్ని మా వృత్తిలో మల్టీగ్రేడ్ టీచింగ్ అంటారు. పేరు బాగానే ఉంటుంది, చెప్పే గొంతు మాత్రం ఒకటే.

ఆ ఏడాది జులైలో మండల స్థాయి వ్యాసరచన పోటీ జరిగింది. అంశం 'మా ఊరు'. మా పిల్లలు ఏడుగురు రాశారు. తర్వాత జరిగిన టీచర్ల సమావేశంలో, పేపర్లు దిద్దిన ఒక హెడ్మాస్టరు లేచి నిలబడి చదివారు.

"'మా ఊరు నది ఒడ్డున పచ్చని పొలాల మధ్య ఉన్నది.' ఏం మేడం, మీ ఊళ్ళో నది ఎప్పుడు పుట్టింది? మాకు గూడ నాలుగు బిందెలు పంపియ్యండి."

హాలంతా నవ్వింది. ఎనిమిది వందల అడుగులు దించినా బోరు పడని ఊరు మాది. ఏడుగురూ అదే వాక్యంతో మొదలుపెట్టారు. అది గైడులో ఉన్న వాక్యం. దాన్ని బోర్డు మీద రాసి బట్టీ పట్టించింది నేనే. తప్పు నాది, కాదనను. కానీ పక్కకు పిలిచి చెప్పవలసిన మాటను అందరి ముందు చదవడం ఏం పద్ధతి? ఈ ప్రశ్న ఆయన్ను ఇప్పటికి మూడుసార్లు అడిగాను. జవాబు రాలేదు. మళ్ళీ అడుగుతాను.

మరునాడే గైడును అటక మీదికి ఎక్కించాను. చార్టు మీద నాలుగు గళ్ళు గీశాను. ఎవరు లేదా ఏది? ఎప్పుడు? ఏం జరిగింది? తర్వాత ఏమైంది? ఆలోచనను ముందుగా ఇలా గళ్ళలో సర్దుకునే కాగితాన్ని గ్రాఫిక్ ఆర్గనైజర్ అంటారు. రాయబోయేది మొదట పక్కనున్న పిల్లకు నోటితో చెప్పాలి. ఆ పిల్లకు అర్థం కానిది అడగాలి. అప్పుడు గళ్ళలో మాటలు, మాటల నుంచి వాక్యాలు. చివర్లో పక్క పిల్ల చదివి, ఎక్కడ అర్థం కాక ఆగిందో చెప్పాలి. దాన్ని పీర్ రివ్యూ అంటారు. చార్టు అడుగున ఎర్ర స్కెచ్చుతో 'చూసింది రాయాలి, చూడనిది రాయకూడదు' అని రాశాను.

మొదటి రోజు ఒక మూడో తరగతి పిల్ల ఇచ్చిన కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. "ఎవరు? నేను. ఎప్పుడు? నిన్న. ఏం జరిగింది? ఏం జరగలేదు. తర్వాత ఏమైంది? అన్నం తిన్నాను." నవ్వొచ్చింది. అయినా ఆ నాలుగు గళ్ళలో ఒక్క అబద్ధం లేదు.

నెల తిరిగేసరికి చాలామంది కుదురుకున్నారు. కుదరనిది నాలుగో తరగతి భువన ఒక్కతే. బోర్డు మీది అక్షరాలను అచ్చు గుద్దినట్టు దించుతుంది. సొంతంగా రాయమంటే పెన్సిల్ నోట్లో పెట్టుకుంటుంది. వాళ్ళకు గొర్రెల మంద ఉంది. దీపావళి ఇంక పది రోజులుందనగా వాళ్ళ నాయన గురవయ్య గేటు దగ్గరికి వచ్చాడు.

"టీచరమ్మా, పండగ పోయినాక మందను అడవి దిక్కు తోలుకపోతాండాము. పాపను గూడ తీసుకపోతా."

"చదివే పిల్లను గొర్రెల ఎంట పంపుతావా?"

"ఏం చదువమ్మా? నాలుగేండ్లాయ, సొంతంగా నాలుగు ముక్కలు రాయలేదు. మందలో ఉంటే పనికొస్తాది."

"అంటే బడిలో పనికొచ్చేది నేర్పడం లేదంటావా?"

"నేను అట్ల అంటినా? నువ్వే అంటాండావు." అతను తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "సరే, పనికొచ్చేది ఒకటి రాయమను. రాసిందంటే వాళ్ళ అవ్వ దగ్గర వదిలిపెట్టి పోతా. పండగ దాకా చూస్తా."

ఆ 'పనికొచ్చేది' అన్న మాట నాకు రాత్రి అన్నం దగ్గర కూడా గుర్తుకొచ్చింది. మరునాడు భువనను సలోమి పక్కన కూర్చోబెట్టాను. సలోమి ప్రశ్నల పుట్ట. ఆ పిల్ల నన్ను విసిగించినంతగా ఏ ఇన్‌స్పెక్షనూ విసిగించలేదు.

"మా చుక్కమూతి గొర్రెకు దవడ కింద వాచి సంచి మాదిరి దిగింది," అంది భువన.

"ఎప్పుడు దిగింది?"

"పది దినాలాయ."

"ఎందుకు దిగింది? ఏం తినింది?"

భువన నా వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "కుంట అంచున గడ్డి. చవితి వానలప్పటి నుంచి బడి ఇడిసినాక ఆన్నే మేపుతాండా. నాయన ఆడికి తోలొద్దన్యాడు."

"అది రాయాల."

"రాస్తే నాయన తిడతాడే!"

పిల్ల మొదటిసారి రాయబోతోంది. బెదిరిపోతుందేమోనని నేను కల్పించుకున్నాను. "ఆ ముక్క వదిలేయమ్మా. మేత మేసింది అని రాయి, చాలు."

భువన చార్టు అడుగున ఎర్ర అక్షరాల వైపు చూసింది. "చూసింది వదిలిపెట్టొచ్చా టీచర్?"

ఆ పిల్ల పెన్సిల్ నోట్లోంచి తీసి రెండో గడిలో 'చవితి వానలు' అనీ, మూడో గడిలో 'కుంట అంచు, బురద, నేనే తోలినాను' అనీ రాసింది. వాక్యాలు కావడానికి ఇంకో మూడు రోజులు పట్టింది. సలోమి అర్థం కాలేదని రెండుసార్లు వెనక్కిచ్చింది.

తొమ్మిది వాక్యాల ఆ కాగితాన్ని భువన ఇంటికి తీసుకుపోయింది. గురవయ్యకు చదువు రాదు. డాక్టరు చదువుతాడని దాన్ని పశువుల ఆస్పత్రికి తీసుకుపోయాడు. డాక్టరు చదివి, రెండు ప్రశ్నలు అడిగి, కుంట అంచున మేసిన గొర్రెలన్నిటికీ, బురద గడ్డితో కడుపులో చేరే పురుగులు చావడానికి నట్టల మందు ఇచ్చాడట. ఈ సంగతి గురవయ్యే వచ్చి చెప్పాడు.

"అంతకు ముందు రెండుమార్లు పోయినా టీచరమ్మా. వాచింది అంటి గాని, యాడ మేసిందో నాకేం తెలుసు? ఈసారి కాగితం చూసి, 'మీ టీచరు రాసిచ్చిందా' అన్యాడు."

నేను రాసివ్వడమా? శనివారం బడి కాగానే భువనను వెంటబెట్టుకుని నేరుగా ఆస్పత్రికి వెళ్ళాను.

"నేను రాసిచ్చానని ఎవరు చెప్పారండీ మీకు?"

డాక్టరు కంగారుగా లేచాడు. "అయ్యో, పొగడ్తగా అన్నాను మేడం. పెద్దవాళ్ళే నా దగ్గర ఇంత వరసగా చెప్పరు."

"పొగడ్తయితే నాకెందుకు? రాసిన మనిషి ఇక్కడుంది."

ఆయన భువన వైపు తిరిగి, "బాగా రాసినావు తల్లీ. కుంట సంగతి రాయకపోయింటే నాకు తెలిసేది కాదు," అన్నాడు. పిల్ల నా కొంగు వెనక్కి పోయింది.

తిరిగి వస్తూ అడిగాను. "నాయన తిట్టినాడా?"

"రెండు మాటలన్యాడు టీచర్. మళ్ళ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్యాడు."

పండగ పోయాక మంద అడవి దిక్కు పోయింది. నల్లదానితో కలిపి ఈనిన మూడు గొర్రెలూ, వాటి పిల్లలూ, భువనా అవ్వ దగ్గర ఉండిపోయారు. వారం వారం మందకు బియ్యం తీసుకుపోయే వాళ్ళ చిన్నాయన చేతికి భువన ఒక కాగితం ఇచ్చేది. అక్కడ ఎవరో ఒకరు గురవయ్యకు చదివి వినిపించేవారు.

మూడో వారం ఆ చిన్నాయన బడికే వచ్చాడు. "పాపా, మీ నాయన కోపం చేసినాడు. నల్లదాని పిల్ల పాలు తాగుతాందో లేదో రాయలేదేంది, అది లేనప్పుడు కాగితం ఎందుకు అన్యాడు."

భువన మొహం ముడుచుకుంది. నేను మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాను. ఇరవై ఏళ్ళ సర్వీసులో పిల్లల రాతను మార్కుల కోసం దిద్దాను, అందులో ఇది లేదేమని అడిగిన మనిషిని చూడలేదు. గళ్ళు గీసి వరస నేర్పడం నా పని. కానీ అవతల ఒక మనిషి తెలుసుకోవాలని ఎదురుచూస్తున్నప్పుడే ఆ గళ్ళు నిండుతాయి. గురవయ్య ఆ నవంబరులో నాకు నేర్పింది ఇదే. నా జన్మలో ఒక ఫిర్యాదు విని అంత సంతోషపడింది అప్పుడే.

"నల్లదాని పిల్ల తాగుతాందా?" అని సలోమి అప్పటికే అడగడం మొదలుపెట్టింది.

"ఎడం రొమ్ము తాగుతాది, కుడిది తాగదు," అంటూ భువన కాగితం తీసుకుంది.