ఏ గదిలో ఉండీవోడివి?

మా విశ్వవిద్యాలయంలో ఒకావిడ ఉంది. పాత విద్యార్థులకు ఫోన్లు చేసి, హాస్టలు మరమ్మతులకు విరాళాలు అడగడం ఆవిడ ఉద్యోగం. పాసైన సంవత్సరం, ఇప్పుడు చేస్తున్న పని కనుక్కోమని ఆఫీసువాళ్ళు ఒక కాగితం ఇచ్చారు. ఒకప్పుడు మా హాస్టల్లోనే గుమస్తాగా ఉన్న మనిషికి ఆ కాగితంతో పనేముంది? ఎవరికి ఫోను చేసినా మొదట అడిగేది ఒక్కటే: “ఏ గదిలో ఉండీవోడివి?”

సాలూరులో లారీలకు బాడీ కట్టే నా షెడ్డుకీ ఒకరోజు ఆ ఫోను వచ్చింది.

“నేను పీజీ మధ్యలో మానేసినోణ్ణి మేడం. మీ లిస్టులో ఉండను.”

“లిస్టు సంగతి నాను సూసుకుంటాను. గది సెప్పు.”

“పదిహేడు.”

“కిటికీ రెక్క ఊడిపోతే దుప్పటి కట్టుకున్నావు, నువ్వేనేటి? ఒరే, బాగున్నావా?”

నా చదువు సంగతి మా ఇంట్లోవాళ్ళే మరిచిపోయారు. ఆ కిటికీకి కొత్త రెక్క నేనే చేసి తెస్తానన్నాను. డబ్బు మాట ఆవిడ ఎత్తనేలేదు.

పూర్వ విద్యార్థుల సమ్మేళనం రోజున ఆ రెక్కను శ్రీకాకుళం బస్సులో వేసుకుని వెళ్ళాను. అందరి మెడల్లోనూ డిగ్రీ, సంవత్సరం అచ్చువేసిన కార్డులు వేలాడుతున్నాయి. కార్డులు పంచే బల్ల మీద నా పేరుతో కార్డు లేదు. రెక్క అక్కడే పెట్టేసి వెళ్ళిపోదామనుకుంటుండగా, ఆవిడ తన సంచిలోంచి చేత్తో రాసిన కార్డు తీసి నా మెడలో వేసింది. నా పేరు, దాని కింద ‘గది 17’.

వరసలో నా వెనకున్న పెద్ద ఇంజనీరు అది చూశాడు. తన కార్డు వెనక్కి తిప్పి ఆవిడ ముందు పెట్టాడు.

“మేడం, నాది ఇరవై రెండు. నాకూ రాసీండి.”