గుడ్ల మీది కౌజుని పిలిచాను

ఏడేళ్లుగా ఒక పిలుపు నా గొంతులో మోస్తున్నాను. అందరూ బరువు గుండె మీద ఉందంటారు. నాది గొంతులోనే ఉంది. దాన్ని ఇవాళ ఇక్కడ దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు అక్కర్లేదు. అదే నయం.

తప్పేమిటో ముందే చెప్పేస్తాను. గుడ్లు పొదుగుతున్న కౌజుపిట్టను నా నోటితో పిలిచి గూటి మీంచి లేపాను. ఆ నింద ఇంకొకరి మీద పడుతుంటే పక్కనే నిలబడి చూశాను. మొదటిది తెలియక చేశానందామా? తెలుసు. రెండోది భయపడి చేశానందామా? మా నాన్న నన్ను ఎన్నడూ కొట్టలేదు. మరి ఎందుకు?

మాది అద్దంకి దగ్గర పల్లెటూరు. మిరప వేస్తాం, పత్తి వేస్తాం. ఊళ్లో నేను నోట్లో నాలుక లేని పిల్లని. చుట్టాలొస్తే పుస్తకం పట్టుకుని తలుపు చాటుకి పోయేదాన్ని. మనుషులతో చెప్పనివి డైరీలో రాసుకునేదాన్ని. కాని చేలగట్ల మీద ఎవరూ లేనప్పుడు నాకు బోలెడంత నోరుండేది. మణికట్టు మీద పెదాలు ఆనించి గాలి లోపలికి పీలిస్తే పిల్లపిట్ట కీచుమన్నట్టు చప్పుడొస్తుంది. దానికి తుమ్మచెట్టు మీది పిగిలిపిట్టలు ఏమైందో చూద్దామని కిందికొమ్మ దాకా దిగొచ్చేవి. చెయ్యి చాస్తే అందేటంత దగ్గరికి. నేను చూసేదాన్ని, అవి నన్ను చూసేవి, ఇంటికొచ్చి రాసుకునేదాన్ని.

ఇదంతా నాకు నేర్పింది సైదులు తాత. మా ఊరి దూదేకులాయన. పత్తి తీతలు అయ్యాక మా వసారాలో కూర్చుని దూది ఏకి, పరుపులూ దిండ్లూ కుట్టిపోయేవాడు. నాన్న ఆయన్ని బాబాయ్ అని పిలిచేవాడు. వయసులో ఉండగా ఆయన కౌజుల్ని పట్టేవాడట. పంజరంలో పెంపుడు కౌజుని పెట్టుకుని చేలోకి పోయి, అది పలకకపోతే తనే పలికి, పోట్లాటకొచ్చిన అడవి కౌజుని వలలో వేసుకునేవాడట. నేను పుట్టకముందే పట్టడం మానేశాడు. పలకడం మాత్రం మానలేదు. సూదిలో దారం ఎక్కిస్తూ ఉన్నట్టుండి పలికేవాడు. పక్కచేలోంచి జవాబొచ్చేది.

నేర్పుతూ ఒకటే మాట చెప్పాడు. ఒక్కసారి పిలవాలి, వస్తే చూడాలి, రాకపోతే ఊరుకోవాలి. రెండోసారి పిలిస్తే అది వేటేనమ్మా, అన్నాడు. ఇంకో పిలుపుంది, పోతుపిట్ట మేత దొరికినప్పుడు పెట్టపిట్టని లోగొంతుతో పిలిచేది. అది నేర్పనన్నాడు. గుడ్ల మీదున్న పెట్ట కూడా ఆ పిలుపుకి లేచొస్తుందట. నేను వసారా గోడ వెనక కూర్చుని, ఆయన ఊసుపోక ఆ పిలుపు పలుకుతుంటే విని, దొంగతనంగా నేర్చుకున్నాను.

డిగ్రీ రెండో ఏడు. మా మేడం పిట్టల పట్టీ రాసుకురమ్మంటే, క్లాసు ఆడపిల్లలు నలుగురు ఆదివారం పొద్దున బస్సెక్కి మా ఊరొచ్చారు. రమ అనే అమ్మాయి మెడలో వాళ్ల నాన్న బైనాక్యులర్స్ వేసుకొచ్చింది. రెండేళ్లలో ఆ నలుగురూ నాతో కలిపి పది మాటలు కూడా మాట్లాడి ఉండరు.

అప్పుడు మా చేలో పత్తికట్టె పీకుతున్నారు. కట్టె పీకేటప్పుడు కౌజు గూడు కనబడితే, చుట్టూ నాలుగు సాళ్లు వదిలేయడం మా ఇంట్లో తాతలనాటి అలవాటు. కూలీలకు గుర్తుగా ఒక కట్టెకి గుడ్డపీలిక కడతారు. పిట్టపిల్లలు గూడు వదిలిందాకా ఆ ముక్కలో నాగలి పెట్టరు. ఆ ఏడు గూటిలో ఏడు గుడ్లు. నాన్న రోజూ దూరంగా నిలబడి చూసొచ్చి, పెట్ట కూర్చునే ఉందని అమ్మకు చెప్పేవాడు.

ఎండెక్కింది. ఆ నలుగురికీ కౌజు ఒక్కటీ కనబడలేదు. పోదాం పదవే అంటోంది రమ. అప్పుడు నేను గట్టు చాటున కూర్చుని ఆ లోగొంతు పిలుపు పిలిచాను. పెట్ట కట్టెలోంచి బయటికొచ్చింది. బూడిద రంగు ఒళ్లంతా సన్నటి చారలు, మెడ చాచి అటూ ఇటూ చూసింది. రమ నా భుజం పట్టుకుంది. "నీ దుంప తెగ, ఇంత విద్య దాచుకున్నావా! ఇంకోసారి పిలవ్వే."

పిలిచాను. పెట్ట ఇంకాస్త దూరం వచ్చింది. గుడ్డపీలిక దగ్గర రెండు కాకులు వాలాయి. అవి నాకు కనబడ్డాయి. ఈ వాక్యం రాయడానికే ఏడేళ్లు పట్టింది. కాకుల్ని చూశాను, చూసీ మూడోసారి పిలిచాను, నాలుగోసారీ పిలిచాను, ఆపైన లెక్కపెట్టలేదు, ఎందుకంటే పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నలుగురు నా నోటికేసి చూస్తున్నారు, నేను ఆపితే వాళ్లు బస్సెక్కి పోతారు, సోమవారం నేను మళ్లీ ఎవరికీ కనబడని పిల్లనైపోతాను.

వాళ్లు మధ్యాహ్నం బస్సుకి వెళ్లారు. నేను తిరిగి చేలోకి వచ్చేసరికి నాన్న గూటి దగ్గర నిలబడి ఉన్నాడు. పెంకులే మిగిలాయి. పెట్ట లేదు. సైదులు తాత దూది ఏకే విల్లు భుజాన వేసుకుని గట్టు మీద పోతున్నాడు.

"ఇట్రా సైదులూ," అన్నాడు నాన్న. బాబాయ్ అనలేదు.

"ఏందబ్బాయ్?"

"పొద్దున కౌజు పలుకు విన్నావా? నేను మోటారు కాడ నుంచి విన్నా. ఆపకుండా పెట్టని పిలుస్తానే ఉంది. పిట్ట అంతసేపు పలుకుద్దా?"

తాత వంగి ఒక పెంకు తీసి చూశాడు. "పలకదు. అది మనిషి."

"మనిషే. ఆ పలుకు ఈ ఊళ్లో ఇంకెవరికొచ్చు? ముసలితనాన మళ్లీ కౌజుకూర మీద మనసైందా? పెట్టని ఏం చేశావ్?"

తాత నవ్వబోయి ఆగాడు. నా వైపు చూశాడు. కోపంగా కాదు. గోడ వెనక నుంచి నేను వినేదాన్నని ఆయనకు అప్పుడు తెలిసిందనుకుంటాను. ఆయన చూపు నా మీద ఎంతసేపు ఆగిందో చెప్పలేను. నేను మాట్లాడటానికి సరిపోయేంతసేపు ఆగింది.

"నాకే వచ్చు," అన్నాడు.

"ఇంక మా చేలో అడుగు పెట్టబాక."

"పెట్టన్లే."

అంతే జరిగింది. ఆ సాయంత్రం డైరీలో 'ఎండ ఎక్కువ. కౌజు కనబడింది. రమకి చాలా నచ్చింది' అని రాశాను. నా డైరీకి కూడా అబద్ధం చెప్పాను.

మాట కూలీల నోట ఊరంతా పాకింది. గుడ్ల మీది పెట్టని పట్టినవాడని పేరు పడింది. మరుసటేడు ఆయన్ని దూది ఏకమని ఎవరూ పిలవలేదు. చీమకుర్తిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఒక రాళ్లకోత మిల్లులో కాపలా ఉన్నాడట. దుకాణాల్లో కొనే పరుపులొచ్చాయి, ఎలాగూ వెళ్లేవాడే కదా అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నిజమే కావచ్చు. కాని అది నా తప్పుకి జవాబు కాదు. పీర్ల పండక్కి ఏటా వస్తాడు. మా చేల మీదుగా దగ్గర దారి ఉన్నా, రోడ్డంట చుట్టూ తిరిగి వస్తాడు. నేను కనబడితే బాగున్నావా అమ్మా అంటాడు. నేను తలూపుతాను.

ఎందుకు చెప్పలేదో ఇప్పుడు నాకు స్పష్టంగా తెలుసు. భయం కాదు, సిగ్గు కాదు. నోట్లో నాలుక లేని పిల్లని ఎవరూ అనుమానించరు. ఆ మంచిపేరు నాకు హాయిగా ఉండేది. దాని చాటున ఒక ముసలాయన్ని వదిలేశాను.

ఇప్పుడు ఒంగోల్లో పాఠాలు చెబుతున్నాను. పోయిన ఆదివారం ఊరెళ్లాను. మిరప కళ్లంలో నాన్న పక్కన కూర్చుని తాలుకాయలు ఏరుతూ చెప్పాను. మొత్తం చెప్పాను.

నాన్న నమ్మలేదు. "నీకెట్టా వస్తది ఆ పలుకు," అన్నాడు.

పిలిచాను. మామూలు పిలుపే.

నాన్న చేతిలో కాయ అట్లాగే ఉంది. "బాబాయ్ నేర్పాడా?" అన్నాడు. ఏడేళ్ల తరవాత ఆ మాట నాన్న నోట విన్నాను. అవునన్నాను. ఆయన ఊరుకోమనీ అనలేదు, పోనీలే అనీ అనలేదు. లేచి, తువ్వాలు దులుపుకుని, కళ్లం అవతలి వైపుకి వెళ్లి కూర్చున్నాడు.

నా గొంతు తేలిగ్గా ఉంది. అంతకుమించి నాకేమీ దక్కలేదు, దక్కాలని అడగను కూడా.

పక్కచేలోంచి కౌజు జవాబిచ్చింది. కాసేపాగి, మళ్లీ ఇచ్చింది.

నేను రెండోసారి పిలవలేదు.