పరామర్శకొచ్చిన భీముడు

మొన్న వానలో ఒక వీధికుక్క మా కొట్టు అరుగెక్కి ఒళ్లు దులుపుకుంది. తడిసిన బొచ్చు వాసనా, లోపల వరిగడ్డిలో ముగ్గుతున్న మామిడిపండ్ల వాసనా కలిసి ముక్కుకు తగిలాయి. అదిలించడానికి కర్ర అందుకున్నదాన్ని అలాగే ఆగిపోయాను. సీతారావమ్మ గారు గుర్తొచ్చారు.

ఎనభైల మొదట్లో నేను నూజివీడు కాపురానికొచ్చాను. మా అత్తవారిది మామిడికాయల వ్యాపారం. సీతారావమ్మ గారు మా పక్కింటావిడ. ఆగిరిపల్లి దగ్గర తోటలున్న రైతు కుటుంబం. భర్త పోయాక తోట కాపలా కుక్కను వెంటేసుకుని టౌనుకొచ్చేశారు. దాని పేరు భీముడు. బలమంతా పేరులోనే, ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ లేవు. ఎవరింట్లో చావు జరిగినా, ఎవరు మంచం పట్టినా ఆవిడ భీముడితో సహా వెళ్లేవారు. "పరామర్శకి కుక్కేంటి, చోద్యం కాకపోతే!" అని మా అత్తయ్య బుగ్గలు నొక్కుకునేది.

మరుసటి వేసవిలో నా కొడుకు పురిట్లోనే పోయాడు. వెనక గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాను. కంట్లోంచి చుక్క నీరు రాలేదు. వచ్చిన ప్రతివాళ్లూ "చిన్నదానివి, ఇంకోడు పుడతాడులే" అనేవారు. ఆ ఇంకోడు నాకెందుకు? నాకు వాడే కావాలి. అన్నం మానేశాను. "ఇలాగైతే ఈ అమ్మాయి దక్కదండీ" అని డాక్టరు గారు అత్తయ్యతో అనడం వినిపించింది. పోనీలే అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం సీతారావమ్మ గారు భీముడితో గుమ్మంలో నిలబడ్డారు.

"కుక్క గడప దాటితే ఇల్లు మైలపడుతుందండీ" అంది అత్తయ్య.

"కడుక్కోండి వదినగారూ. ఇల్లు కడిగితే శుభ్రపడుతుంది. ఈ పిల్ల పోతే మళ్లీ రాదు."

అత్తయ్య పక్కకు తప్పుకుంది.

ఆవిడ నన్ను పలకరించనేలేదు. కింద కూర్చుని దీపం ఒత్తులు చేసుకున్నారు. మంచం మీంచి వేలాడుతున్న నా చేతి కింద భీముడు తల పెట్టి పడుకున్నాడు. రోజూ అంతే. వాళ్లు వెళ్లాక అత్తయ్య పసుపునీళ్లతో గది కడిగేది. ఒకనాడు నాకు తెలియకుండానే నా వేళ్లు వాడి చెవిని నిమిరాయి. వాడు పెద్దగా నిట్టూర్చాడు. నాకు భోరున ఏడుపొచ్చింది.

"ఆగట్లేదండీ" అన్నాను.

"ఆగక్కర్లేదమ్మా. వాడికేం తొందర్లేదు."

ఆ సాయంత్రం నాలుగు ముద్దలు మజ్జిగన్నం తిన్నాను. వీడికిదంతా ఎవరు నేర్పారని తర్వాతెప్పుడో అడిగితే ఆవిడ నవ్వారు. "మావారు పోయినప్పుడు అందరూ ఏదో ఒకటి చెప్పిపోయారు. వీడొక్కడే కూర్చున్నాడు. నేనే వీడి దగ్గర నేర్చుకున్నా."

కొన్నేళ్లకు భీముడు పోయాడు. ఆ తర్వాత ఆవిడకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. వచ్చినవాళ్లు "మీకేం, తగ్గిపోతుంది" అంటుంటే ఆవిడ చూపు గోడవైపు తిరిగింది. ఆ చూపు నాకు తెలుసు. నలుగురూ చూస్తుండగానే కింద కూర్చుని, మంచం మీంచి వేలాడుతున్న ఆవిడ చేతి కింద నా తల పెట్టాను. చాలాసేపటికి ఆ వేళ్లు నా జుట్టులో కదిలాయి. ఆ నెలలోనే ఆవిడ పోయారు.

ఇప్పటికీ చావింటికి వెళితే నేనేం మాట్లాడను. పొగరంటారు, అననీ. కింద కూర్చుని చాలాసేపు ఉంటాను.

వాన వెలిశాక ఆ కుక్క దాని దారిన అది పోయింది. పనమ్మాయి బకెట్టు తెచ్చి, "అరుగు కడిగెయ్యనా అమ్మగారూ?" అంది.

వద్దన్నాను.