పవర్ సెక్టార్‌లో అల్లుడు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక టిఫిన్ సెంటర్ పై అంతస్తులోని కోచింగ్ సంస్థలో, ఇంటర్వ్యూలో ఉద్యోగం ఎలా కొట్టాలో ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. కాళ్లు ఊపకూడదు. అడిగినవాడి కళ్లలోకి చూడాలి. మీ బలహీనత ఏమిటంటే, గొప్పగా వినిపించే బలహీనత ఒకటి చెప్పాలి. ఆ సంస్థ మూతపడ్డాక నేనే ఇంటర్వ్యూలకు తిరిగాను. కాళ్లు ఊపలేదు, కళ్లలోకే చూశాను, ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. అంతకు ముందు నా దగ్గర చదివిన పిల్లలకు ఉద్యోగాలు నా పాఠం వినడం వల్ల వచ్చాయా, విన్నా కూడా వచ్చాయా అని అప్పుడు అనుమానం పట్టుకుంది.

ఆ రోజుల్లోనే కొత్తపేటలో మా అద్దె ఇంట్లో ఫ్యాన్ ఆగిపోయింది. ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేస్తే, "ఒస్తున్న అన్నా, దార్ల ఉన్న" అన్నాడు. మర్నాడూ దారిలోనే ఉన్నాడు. ఆ వారమంతా దారిలోనే ఉన్నాడు. అయినా అతని కోసం మా అపార్ట్‌మెంట్‌లో మరో ఇద్దరు ఎదురుచూస్తున్నారు. నా కోసం హైదరాబాద్ మొత్తంలో ఒక్కడూ ఎదురుచూడటం లేదు. నలభై దాటిన మనిషికి ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు?

సాయంత్రం బ్యాచ్‌లో ఎలక్ట్రికల్ కోర్సుకు చేరాను. మొదటి రోజు ఇన్‌స్ట్రక్టర్ నన్ను చూసి, "పేరెంట్స్ బయట కూర్చోవాలి" అన్నాడు. నేనే స్టూడెంట్‌నంటే రిజిస్టర్ చూసి, నన్ను చూసి, జాలిపడి లోపలికి రమ్మన్నాడు. పగలు ఎల్బీనగర్‌లో ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాను. ఆయన నాకంటే బాగా చిన్నవాడు. నేను పాఠాలు చెప్పేవాణ్ని అని తెలిసి, పాపం, గౌరవం తగ్గించలేదు. "సార్, జర నిచ్చెన వట్టు. సార్, గా గోడ పలగ్గొట్టు. సార్, నువ్వు గట్ల వట్టుకుంటే షాక్ కొడ్తది" అనేవాడు. ఇంటి ఓనర్లు మా ఇద్దరిలో మేస్త్రీ ఎవరో తేల్చుకోలేక, టీ మాత్రం ముందు నాకే ఇచ్చేవాళ్లు.

చివరికి పరీక్ష రాశాను. మౌఖికంలో ఎర్తింగ్ ఎందుకని అడిగారు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? నిటారుగా కూర్చుని, చిరునవ్వుతో, కళ్లలోకి చూస్తూ, మంచి ప్రశ్న అడిగారంటూ మొదలుపెట్టాను. ఆ అధికారి ఇబ్బందిగా కదిలి, "నవ్వకుండా చెప్పండి, చాలు" అన్నాడు. నవ్వకుండా చెప్పాను. వైర్‌మన్ పర్మిట్ చేతికొచ్చింది. జీవితంలో నేను నెగ్గిన ఒకే ఒక్క ఇంటర్వ్యూ అది.

పని బాగానే దొరికింది. దొరకనిది ఆ పనికి ఒక పేరు, అది కూడా మా అత్తవారింట్లో. మా మామగారు గుంటూరు వైపు నుంచి వచ్చి, ఇక్కడ ప్రభుత్వోద్యోగం చేసి రిటైరై, సరూర్‌నగర్‌లో స్థిరపడిన పెద్దమనిషి. అబద్ధం ఆడరు. నిజానికి ఇస్త్రీ చేస్తారు. "మా అల్లుడుగారు పవర్ సెక్టార్‌లో ఉన్నారు" అనేవారు అందరితో. ఒకసారి ఎవరో తెలిసినాయన వదలకుండా, ఉత్పత్తి వైపా, పంపిణీ వైపా అని అడిగాడు. "వాడకం వైపు" అన్నారు మామగారు తడుముకోకుండా.

మా ఆవిడ ఏమీ అనేది కాదు. కానీ ఏ ఫంక్షన్‌కు బయలుదేరినా, గుమ్మం దగ్గర నన్ను ఆపి, జేబులోంచి టెస్టర్ తీసేసేది. ఎప్పుడూ నా జేబులో ఉండే పసుపు పిడి టెస్టర్ అది. ఎక్కడ పెట్టేదో అడగలేదు, ఫ్రిజ్ మీదేమో అనుకునేవాణ్ని. నాకు మనసు చివుక్కుమనేది. ఎన్ని ఇళ్లకు దీపం పెట్టినా ఒక్కటే కోరిక ఉండేది నాకు. తన వాళ్ల ముందు ఒక్కసారి మా ఆయన ఎలక్ట్రీషియన్ అన్న మాట మా ఆవిడ నోటి నుంచి రావాలి.

ఇంతలో మా బావమరిది తుర్కయంజాల్‌లో ఇల్లు కట్టుకున్నాడు. వాస్తు పండితుడు చెప్పాడని కరెంటు బోర్డును ఆగ్నేయానికి మార్పించాడు, అక్కడ ఉంటే కరెంటు కుదురుగా ఉంటుందట. గృహప్రవేశానికి ముందు నాకు ఫోన్ చేసి, "బావా, ఆ ఫీల్డ్‌లో మీకు పరిచయాలున్నాయి కదా, మంచి ఎలక్ట్రీషియన్ నంబరుంటే ఇస్తారా?" అన్నాడు. ఆ అమాయకత్వానికి ముచ్చటేసి మా ఉస్తాద్ నంబరు ఇచ్చాను.

ఆ రోజు పట్టు పంచె, లాల్చీ. టెస్టర్ మామూలుగానే గుమ్మం దగ్గర జప్తయింది. ఆవు వచ్చి వెళ్లింది, పాలు పొంగాయి, ఇల్లూ వాకిలీ కడిగారు, వ్రతం మొదలైంది. ఇంతలో ఫ్యాన్లు ఆగిపోయాయి. మైకు పోయినా పంతులుగారు సొంత గొంతుతో కథ కొనసాగించారు. బావమరిది మెయిన్ స్విచ్ పైకెత్తితే మళ్లీ పడిపోయింది. ఎత్తాడు, పడింది. ఆగ్నేయం ఏ సాయమూ చేయలేదు.

వాడు మా ఉస్తాద్‌కు ఫోన్ చేసి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాడు.

"గా ఇంట్లనే మా సార్ ఉన్నడు గదా!" అన్నాడు ఉస్తాద్. "పర్మిటున్న మనిషిని ఇంట్ల వెట్టుకొని నన్ను విలుస్తరేంది? జర ఆయనకియ్యి ఫోను."

హాల్లో అందరూ నావైపు తిరిగారు. మామగారు దగ్గి, "పవర్ సెక్టార్ కదా, అందరూ తెలిసినవాళ్లే ఉంటారు" అన్నారు. బావమరిది ఫోన్ కట్ చేశాడు.

అప్పుడు పక్క సైటు వాచ్‌మన్ చేతిలో వైరు ముక్కతో ముందుకొచ్చాడు. "డైరెక్ట్ ఇచ్చేస్త సార్, రెండు నిమిషాల్ల పని." ఈ ఊరికి డైరెక్ట్ అంటే ప్రాణం. బావమరిది ఎత్తుతున్న ఆ మెయిన్ స్విచ్, ఎక్కడైనా కరెంటు లీకైతే మనిషి పోకముందే తాను పడిపోయే రకం. దాన్ని తప్పించి వైరు కలిపేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, అందరూ భేష్ అంటారు. మామగారు సరేనని తలూపారు.

నేను గేటువైపు చూశాను. తడి వాకిట్లో పిల్లలు వట్టి కాళ్లతో ఇనుప గేటెక్కి ఊగుతున్నారు. గేటు నిండా బంతిపూలు, వాటి మధ్య సీరియల్ సెట్ లైట్ల వైరు. లేచి నిలబడి, "డైరెక్ట్ ఇవ్వొద్దు. ఇస్తే ఆ గేటు దగ్గర ఎవరో ఒకరు పోతారు" అన్నాను.

గృహప్రవేశంలో అనాల్సిన మాట కాదది. ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. పంతులుగారు కథ ఆపారు. పిల్లలు గేటు దిగాలన్న ధ్యాస మాత్రం ఎవరికీ రాలేదు.

"శుభమా అని ఇంట్లోకి వస్తుంటే ఆ మాటలేంటండీ అల్లుడుగారూ!" అన్నారు మామగారు. "మీరు కూర్చోండి. అది మీ పని కాదు."

ఆడవాళ్ల మధ్య నుంచి మా ఆవిడ లేచింది. హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. పసుపు పిడి టెస్టర్ తీసి, అందరూ చూస్తుండగా నా చేతిలో పెట్టింది.

"అది ఆయన పనే నాన్నా. మా ఆయన ఎలక్ట్రీషియన్. ఆయన వద్దన్నాక ఎవరూ దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. ముందా పిల్లల్ని దించండి."

పంచె ఎగ్గట్టి బోర్డు దగ్గరికి వెళ్లాను. కళ్లలో నీళ్లు నిండి స్విచ్‌లు సరిగా కనపడలేదని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. అన్నీ దించి ఒక్కొక్కటే ఎత్తితే, వాకిలి లైన్ ఎత్తగానే మెయిన్ స్విచ్ పడింది. ఆ లైన్ ఆపి గేటు దగ్గర పూలు తప్పించి చూస్తే, సీరియల్ సెట్ జాయింట్‌కు టేప్ బదులు పాలిథిన్ ముక్క చుట్టి, నీళ్లు కారుతున్న గేటుకే కట్టేశారు. దాన్ని కోసేశాను. మెయిన్ ఎత్తితే ఈసారి నిలబడింది, ఫ్యాన్లు తిరిగాయి.

తర్వాత భోజనాలు. నా విస్తరి చుట్టూ చేరిన చుట్టాలకు ఒక్కసారిగా గీజర్లు, మోటార్లు, ఇన్వర్టర్లు గుర్తొచ్చాయి. మామగారు వరస వెంట తిరుగుతూ, "పర్మిట్ ఉన్న ఎలక్ట్రీషియన్ అండీ మా అల్లుడుగారు, మొదటినుంచీ నేను చెబుతూనే ఉన్నాను" అంటున్నారు.

తిరుగు దారిలో సాగర్ రింగ్ రోడ్ దగ్గర ట్రాఫిక్‌లో బండి ఆగింది. వెనక కూర్చున్న మా ఆవిడను అడిగాను. "మీ వాళ్ల ముందు నామోషీ అని కదా టెస్టర్ లాక్కునేదానివి?"

"నామోషీ ఏంటండీ? దాని మొన గుచ్చుకుని మంచి చొక్కాలన్నిటికీ జేబులు చిరుగుతున్నాయి. అందుకని నా బ్యాగులో వేసుకునేదాన్ని."

"మరి ఇన్నాళ్లూ ఎలక్ట్రీషియన్ అని ఒక్కసారీ చెప్పలేదేం?"

"నాన్న పవర్ సెక్టార్ అన్నప్పుడల్లా మీవైపు చూసేదాన్ని. మీరు చెబుతారేమోనని. మీరు నవ్వి ఊరుకునేవారు."

గ్రీన్ సిగ్నల్ పడింది. వెనక హారన్లు మోగాయి. నేను బండి కదపలేదు. ఏళ్ల తరబడి ఇంటర్వ్యూల కోసం ఇంతమంది పిల్లలకు మొదటి రోజే జవాబు నేర్పిన ప్రశ్న ఒకటుంది, మీ గురించి మీరు చెప్పండి అని.